ప్రాణహిత రేవులో ఊడిన ముడి

సముద్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. నా పని మాత్రం, ఓడల మాటలతో సహా, నిఘంటువులకు ఇంగ్లీషు మాటల అర్థాలు, స్పానిష్‌లో వాటికి సరిపోయే మాటలు రాసి పంపడం. నాగపూర్‌లో చదివేటప్పుడు పట్టుకున్న స్పానిష్ పిచ్చే ప్రాణహిత ఒడ్డున ఈ సిరొంచలో ఇంటిపట్టున నాకు అన్నం పెడుతోంది. ఇక్కడ నా తప్పులు పట్టేవాళ్ళు లేరు, అదొక సుఖం.

మొన్న వచ్చిన మాట 'అడ్రిఫ్ట్'. కట్టు ఊడిన పడవ నీళ్ళు ఎటు లాగితే అటు పోవడం మొదటి అర్థం. స్పానిష్‌లో 'అ లా దెరీవా'. దారీ తెన్నూ లేని మనిషి బతుకు రెండో అర్థం. దానికి 'సిన్ రూంబో' అని రాశాను. చివర సొంతంగా ఒక ఉదాహరణ వాక్యం ఇవ్వాలి. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

మా నాన్న ప్రాణహిత మీద పడవ నడిపేవాడు. వరద పెరిగేకొద్దీ పడవ తాడును వదులు చేస్తూ ఉండాలి. లేకపోతే తాడు బిగుసుకుని పడవ మునుగుతుంది. ఒక వానాకాలం ఆయన చామోర్షికి వెళ్ళి, వాగులు పొంగి అక్కడే చిక్కుకున్నాడు. తాడు వదులు చేయమని నాకు ఫోన్ చేశాడు. వదులు చేశాను. తిరిగి కట్టేటప్పుడు మాత్రం కొట్టంలో ఎద్దుకు వేసే ముడే వేశాను, ఒక్క లాగుకు ఊడేది. మరునాడు పొద్దున చూస్తే రేవు ఖాళీ.

"పోయేటప్పుడు నేనే సక్కగ కట్టలే" అన్నాడు నాన్న, తిరిగొచ్చాక, అడిగిన ప్రతివాళ్ళతో. ఆ ముడి నాదని నేను చెప్పలేదు. ముడి కట్టరాని పడవోడని ఊరంతా ఎగతాళి చేసింది. ఆయన నవ్వి, వరి పొలాల్లో కూలికి పోయాడు. పోయినేడు చనిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. లోపలంతా మొద్దుబారి ఉండింది, ఇప్పటికీ అంతే.

మొన్న ఆ వాక్యం దగ్గర ఆగి, వంటింట్లో బియ్యం ఏరుతున్న అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, ఆ పడవ నేను కట్టిన ముడికే పోయింది."

అమ్మ తలెత్తలేదు.

"ఎరికే బిడ్డా. గుంజకు తాడు ముక్క కూడ లేదు, తెగలే ఊడింది, పిల్ల ఎద్దుముడి ఏసినట్టుందని మీ బాపు తిరిగొచ్చిన దినమే చెప్పిండు. నీతోని అనొద్దన్నడు, పరేషాన్ అయితవని."

అప్పుడూ ఏడుపు రాలేదు. వచ్చి కూర్చుని వాక్యం రాశాను: నేను సరిగ్గా కట్టక మా నాన్న పడవ కొట్టుకుపోయింది. దాన్నే స్పానిష్‌లోనూ రాసి పంపాను.