రెండో పళ్లెంలో కాగితం

తూకాలాయన టీలో చక్కెర వేసుకునేటప్పుడు ఊపిరి బిగబడతాడు. రాజుల పట్టాభిషేకాలకు తేదీలు వెతికే పనిలో పడి చరిత్రకారులు ఈ సంగతి వదిలేశారు గానీ, ఈ అలవాటుకు నలభై తొమ్మిదేళ్ల వయసుంది. దానికి ఆరంభం ఉంది, స్వర్ణయుగం ఉంది, పతనదశ ఉంది. ఆరంభం పోలీసుల ప్రయోగశాలలో, సున్నితపు త్రాసు ముందు. అక్కడ మనిషి శ్వాస తగిలినా ముల్లు కదులుతుంది. పతనదశ ఇప్పుడు నడుస్తోంది: ఇరుకు వంటింట్లో ఒక కప్పు, ఒక చెంచా. ఊపిరి వదిలాక "ఎందుకండీ ఆ నిట్టూర్పు" అని అడిగే భార్య పోయి ఆరేళ్లయింది.

ముప్పైనాలుగేళ్లు ఆయన ఉద్యోగం హత్య కేసుల్లో దొరికిన తూటాలను తూచడం. తూచి, అంకె చీటీ మీద వేసి పై అధికారికి ఇచ్చేవాడు. సంతకం అధికారిది. ఏ నివేదికలోనూ తూకాలాయన పేరు లేదు. ఉండాలని ఆయనా అనుకోలేదు.

తూటాను పళ్లెంలో ఊరికే పెట్టరు. కింద చిన్న చదరపు కాగితం వేస్తారు. అదే కొలతకు కత్తిరించిన ఇంకో కాగితాన్ని రెండో పళ్లెంలో, తూకపు రాళ్ల కింద వేస్తారు. కాగితానికి కాగితం చెల్లు. నలభై ఒక్క ఏళ్ల కిందట ఒక పెద్ద నాయకుణ్ని వేదిక మీదే కాల్చి చంపారు. మర్నాడు ఆ తూటా వచ్చింది. కిటికీ బయట జనం, బల్ల మీద ఆగకుండా మోగే ఫోను, గుమ్మంలో "అయిందా, అయిందా" అంటూ అధికారి. ఆ హడావిడిలో తూకాలాయన రెండో కాగితం వేయలేదు. సాయంత్రం బల్ల తుడుస్తుంటే అది త్రాసు పక్కన కనబడింది. నివేదిక అప్పటికే వెళ్లిపోయింది.

మర్నాడు చెబితే అధికారి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"హంతకుణ్ని వెయ్యిమంది చూస్తుండగా పట్టుకున్నారు. వాడే ఒప్పుకున్నాడు. నీ కాగితంముక్క కోసం ఇప్పుడు ఊరంతా లేపమంటావా?"

తూకాలాయన లేపలేదు. నాలుగు నెలలకు కోర్టు కోసం మళ్లీ తూస్తే తూటా గ్రాములో ఆరో వంతు, సరిగ్గా ఆ కాగితం బరువంత, తగ్గింది.

ఆ ఆరో వంతు మీద ఒక సంఘం వెలిసింది. ప్రతి ఆదివారం పొద్దున పఠనాలయం వెనక గదిలో నలుగురు కూర్చుంటారు. రిటైరైన లాయరు అధ్యక్షుడు. దర్జీ కార్యదర్శి. వ్యాయామం మాస్టారు, ఫొటో స్టూడియో ఆయన సభ్యులు. లాయరుదీ ఫొటో ఆయనదీ రెండు తుపాకుల పక్షం: మొదట తూచింది ఒక తూటా, తర్వాతది మార్చి పెట్టినది. దర్జీ, మాస్టారు ఒకే తుపాకీ పక్షం. తూటాను మాటిమాటికీ కడగడం వల్ల అరిగిందని మాస్టారి సిద్ధాంతం. దాన్ని ఆయన సొంత బిడ్డలా సాకుతున్నాడు.

ఐదో కుర్చీ తూకాలాయనది. భార్య పోయిన ఏడాది పేపరు చదవడానికి వచ్చి, గోడ అవతల తన తూటా గురించి కొట్లాట విని లోపలికి వచ్చాడు. తూనికల పని చేసేవాణ్నని చెప్పుకున్నాడు. కొట్లలో రాళ్లకు ముద్రలు వేసేవాడు కాబోలు అనుకున్నారు వాళ్లు. ఆయన సరిదిద్దలేదు. వారంలో ఆయనతో ఎవరైనా రెండు గంటలు మాట్లాడేది అక్కడే.

ఈమధ్య లాయరు ఒక పుస్తకం రాశాడు. నివేదిక మీద సంతకం చేసిన అధికారి, ఇప్పుడు బతికి లేడు, లంచం తిని తూటా మార్చాడని అందులో తేల్చాడు. అచ్చుకు ఇస్తానన్న వారం, తూకాలాయన తన చెల్లెలికి ఫోను చేశాడు.

"అన్నయ్యా, నువ్వు చెప్పావంటే వాళ్లకి పని పోతుంది. నీకు వాళ్లు పోతారు. తర్వాత రోజూ నాకు చేస్తావు. నా మోకాళ్ల సంగతి నాకే వినబుద్ధి కాదు, నువ్వేం వింటావు?"

"చెప్పొద్దంటావా?"

"చెప్పకపోతే నీకు నిద్రపట్టదు. అదీ నాకే చెప్తావు."

ఆదివారం తూకాలాయన లేచి నిలబడి చెప్పాడు. రెండు కాగితాల సంగతి, మరిచిన సంగతి, అధికారి అన్న మాట.

దర్జీ చేతిలో కలం కింద పెట్టాడు.

"ఆరేళ్లు మా వాదన వింటూ కూర్చున్నారా పెద్దాయనా?" అన్నాడు దర్జీ.

"బాగా వాదిస్తారు మీరు," అన్నాడు తూకాలాయన.

"నివేదికలో మీ పేరు లేదే," అన్నాడు లాయరు. "రేపు ఇంకొకాయన వచ్చి, కాల్చింది నేనే, గురి తప్పింది అంటాడు. నమ్మేద్దామా?"

ఫొటో స్టూడియో ఆయన గొంతు సవరించుకున్నాడు. "కాగితం మాట నిజమేనండీ. ఫొటోలు కడిగే మందు తూచేటప్పుడు మా నాన్న రెండు పళ్లేల్లోనూ వేసేవాడు. ఒకటి మరిచిపోతే ఫొటో పాడయ్యేది, నా వీపు పగిలేది."

అంతటితో ఆయన పక్షం మారిపోయాడు. దర్జీ ఎటూ అటే. మాస్టారు మాత్రం కడుగుడు సిద్ధాంతాన్ని అనాథను చేయలేక లాయరు వైపు జరిగాడు. ఇద్దరికి ఇద్దరు.

అధ్యక్షుడు లేచి కోటు సర్దుకున్నాడు. కాగితం వాదాన్ని ఆమోదిస్తే తన పుస్తకం చించేస్తానని, ప్రశ్న తీరినందున సంఘం నేటితో రద్దవుతుందని, గది తాళం పఠనాలయానికి ఇచ్చేస్తామని ప్రకటించాడు. "మీ ఓటే మిగిలింది పెద్దాయనా."

తూకాలాయన తాళం వైపు చూశాడు. వచ్చే ఆదివారాన్ని తలుచుకున్నాడు. పది గంటలవుతుంది, పదకొండవుతుంది, పేపరు రెండోసారి చదవాలి. అధికారిని తలుచుకున్నాడు. కసురుకునేవాడే గానీ ఒకరి సొమ్ము ముట్టిన మనిషి కాదు. ఆయన తరపున చెప్పడానికి ఈ గదిలో ఇంకెవరూ లేరు. ఊపిరి బిగబట్టి, ఆమోదానికి చెయ్యెత్తాడు.

దర్జీ సభ్యుల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"పెద్దాయనకు ఓటు లేదండీ. సభ్యత్వ ఫారం నింపలేదు."

"ఆరేళ్లుగా వస్తున్నారు కదయ్యా," అన్నాడు లాయరు.

"వస్తున్నారు. నింపలేదు."

ఓట్లు సమానమైతే విషయం పెండింగులో ఉంటుందని, అది తేలేదాకా అచ్చుకు ఏదీ ఇవ్వకూడదని నియమావళిలో ఉంది. లాయరే రాసిన నియమావళి. ఆయన అది రెండుసార్లు చదువుకుని, అచ్చుకు ఇవ్వబోయిన తన పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

తూకాలాయన చెయ్యి దించి, అయితే ఇప్పుడే ఫారం ఇవ్వమన్నాడు.

ఫారాలు అయిపోయి రెండేళ్లయిందని దర్జీ చెప్పాడు.