ఊదే మిషను అక్క

అక్క పోయిన సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. నేనే చేశాను, అదీ కంప్యూటర్ డ్రైవర్ గురించి అడగడానికి. పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆసుపత్రిలో కంప్యూటర్ తెరిచేసరికి తెర మీద మళ్లీ ఆ పసుపు త్రికోణం, మిషను అందడం లేదని. విసుగ్గా అక్క నంబరు నొక్కాను. వాళ్ల అమ్మాయి ఎత్తింది.

"అమ్మకివ్వు తల్లీ, మిషను మళ్లీ మొరాయించింది."

"అమ్మ లేదు పిన్నీ. పొద్దున్నే కాఫీ పెడతా పెడతా పడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు" అంది.

అప్పటికే బయట బెంచీ మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు.

పిడుగురాళ్లలో మాది చిన్న ట్రస్టు ఆసుపత్రి. సున్నపు బట్టీల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్లు దగ్గుతో, ఆయాసంతో వస్తుంటారు. వాళ్లచేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఊపిరితిత్తుల బలం ఎంతుందో కాగితం మీద చూపించే యంత్రం ఒకటుంది. దాన్ని నడిపిన టెక్నీషియనే అక్క. నాకు వరసకేమీ కాదు. నేను రిజిస్టర్లు, కంప్యూటరు చూసుకునేదాన్ని. ఇరవై ఏళ్లు ఒకే గదిలో కూర్చున్నాం. ఆమె రోజూ గురజాల నుంచి బస్సులో వచ్చేది. జబ్బుమనుషులకు ఆమె పేరు తెలియదు, ఊదే మిషను అక్క అనేవాళ్లు.

శాంతమూర్తేమీ కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ కోపం వచ్చినప్పుడు లేచి వెళ్లి గ్లాసు నిండా మంచినీళ్లు తాగి, అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చునేది. "కోపంగా ఉన్నప్పుడు మౌసు ముట్టుకోకే, వద్దన్నదే నొక్కుతాం" అనేది నాతో.

నేను అలాగే నొక్కాను ఒకసారి. ట్రస్టు ఆఫీసు వాళ్లు కంప్యూటర్‌ను నడిపే పాత సిస్టమ్ ఇక పనికిరాదు, కొత్తది వేయండని ఒకటే పోరు. వాళ్ల మీద చిరాకుతో, అక్క సెలవు పెట్టిన రోజున, ఆ ముసలి కంప్యూటర్లోనే కొత్త సిస్టమ్ వేసేశాను. మర్నాడు అక్క వచ్చి తెర చూసింది.

"ఏందే ఇది? అక్షరాలు ఇంత లావైనాయి?"

తెరను నడిపే చిన్న ప్రోగ్రాం, అదే డ్రైవర్, సరిపడేది దొరక్క బొమ్మంతా ఉబ్బిపోయింది. రిపోర్టు తెరిస్తే కింద ఉండాల్సిన ప్రింట్ బటన్ తెర దాటి ఎక్కడికో పోయింది. అంతకంటే ఘోరం, ఊదే మిషను అక్కడ ఉన్నట్టే కంప్యూటర్‌కు తెలియడం లేదు.

"వేయమన్నారక్కా" అన్నాను.

"వేయమన్నారు సరే. మిషను పలుకుతుందో లేదో అడిగావా?"

మిషను కంపెనీకి ఫోన్ చేశాం. అరగంట పాట వినిపించి, ఆ మోడల్‌కు సపోర్ట్ ఆపేశాం మేడం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తది కొనే స్తోమత ట్రస్టుకు లేదు. మిషనుతో వచ్చిన సీడీ వెతికి పెడితే, ఈ సిస్టమ్‌లో ఇది నడవదు అని కంప్యూటర్ ఒక్క ముక్క రాసి ఊరుకుంది. తీసి మళ్లీ వేశాం. ఆపి మళ్లీ తెరిచాం. ఆ కంప్యూటర్ తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. మధ్యలో కరెంటు పోయేది. అక్క ఆ రోజు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిందో.

అదే రోజు కారంపూడి నుంచి ఒక బట్టీ మేస్త్రి వచ్చాడు. నాలుగడుగులు వేస్తే నిలబడి గాలి పీల్చుకోవాల్సిన మనిషి. జబ్బు పింఛను కోసం మూడో రోజున నరసరావుపేటలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. ఊదిన రిపోర్టు లేకుండా రావద్దన్నారట. రేపు రమ్మన్నాం. మర్నాడు వచ్చాడు, మళ్లీ రేపన్నాం. మూడో రోజూ వచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, "నా ఊపిరి చెడిందనుకున్నానమ్మా. మీ మిషనుది నాకంటే చానా చెడిందే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అక్క నవ్వలేదు.

నాలుగో రోజుకు అక్క సంగతి కనిపెట్టింది. మిషనుకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక పొట్టి వైరు ఉంటుంది, ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడానికి. కొత్త సిస్టమ్ ఆ వైరుకు తనంతట తానే కొత్త డ్రైవర్ పెట్టుకుంది. ఆ డ్రైవర్ మా పాత వైరును ఒప్పుకోవడం లేదు. జాబితాలోకి వెళ్లి, పాత తేదీ ఉన్న డ్రైవర్‌ను మనమే ఎంచుకోవాలి. ఎంచుకోగానే పసుపు త్రికోణం పోయింది. నేను చప్పట్లు కొట్టాను.

"నీ మొహం. బోర్డు నిన్ననే అయిపోయింది" అంది అక్క.

మేస్త్రిచేత ఊదించి, కీబోర్డుతోనే ప్రింటిచ్చి రిపోర్టు తీసి, అతన్ని వెంటబెట్టుకుని అక్కే బస్సెక్కి నరసరావుపేట వెళ్లింది. అక్కడివాళ్లు ఒప్పుకోలేదు, రెండు నెలల తర్వాత జరిగే బోర్డుకు రమ్మన్నారు. అతను వెళ్లాడు, కాగితం వచ్చింది, పని కూడా అయింది. కానీ అక్క మాత్రం ఆ మాట వదల్లేదు. "ఆయన దగ్గర ఉన్నయ్యే కాసిని నెలలు. అందులో రెండు మనం తినేశామే" అనేది. నేను తిన్నానని ఒక్కసారీ అనలేదు.

అక్కడితో తీరిందా అంటే లేదు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ సిస్టమ్ మళ్లీ తన డ్రైవరే పెట్టుకునేది. రెండేళ్ల కిందట అక్క రిటైరై మిషను నా చేతికి వచ్చాక కూడా నేను ఫోన్ చేసేదాన్ని. ఆమె పప్పు తాలింపు వేసుకుంటూనో, బట్టలు ఆరేసుకుంటూనో, కుడి బటన్ నొక్కు, రెండోది కాదు మూడోది అని చెప్పేది. "ఎన్నిసార్లు చెప్పాలే? రాసుకో" అని విసుక్కునేది. రాసుకుంటానక్కా అనేదాన్ని. రాసుకోలేదు. అడిగితే చెప్పే మనిషి ఉందనే ధీమా.

ఆ సోమవారం ఆ ధీమా పోయింది. గురజాల పరిగెత్తాలని ఉంది. బెంచీ మీద ఏడుగురూ ఎక్కడెక్కడి నుంచో పని మానుకుని వచ్చినవాళ్లు. రేపు రమ్మనడానికి నోరు రాలేదు. కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. రెండోదో మూడోదో గుర్తు రాదు. ఒకసారి వైరునే మొత్తంగా తీసేశాను. ఆ యంత్రాన్ని, ఆ సిస్టమ్‌ను, దాన్ని చేసినవాళ్లను, నన్ను నేను తిట్టుకున్నాను. లేచి నీళ్లు తాగి వచ్చాను. పదకొండున్నరకు మిషను పలికింది. ఏడుగురినీ పంపి బస్సెక్కేసరికి ఒంటిగంట దాటింది. గురజాలలో దిగి వీధి మలుపు తిరిగితే, వాకిట్లో నీళ్లు చల్లి కడుగుతున్నారు. తీసుకెళ్లిపోయారు. ఆఖరి చూపు నాకు దక్కలేదు. ఏడుగురిని తిప్పి పంపి వచ్చినా అక్క మెచ్చుకునేది కాదని నాకు తెలుసు. తెలిసినా బాధ తీరడం లేదు.

ఆమెను తలుచుకుంటే నాకు కనిపించేది ఒకటే. గొట్టం నోట పెట్టుకున్న మనిషి ఎదురుగా అక్క నిలబడి, "ఊదు బాబాయ్, ఊదు, ఇంకా ఉంది, ఇంకాస్త" అంటూ, తెలియకుండానే తనూ బుగ్గలు పూరించి ఊదేది. అవతలి మనిషి శ్వాస అయిపోయేసరికి ఆమె శ్వాసా అయిపోయేది. ముఖం ఎర్రబడి, కుర్చీ అంచు పట్టుకుని, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ రొప్పేవాళ్లు.