ఉత్తరం గోడకు ఇనుప చేయి

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఉండేంత తెలివి ఆ తర్వాత జన్మలో ఎప్పుడూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ అది పొంగి పొర్లుతుండేది. తమిళనాడు గుడియాత్తంలో మా ఇంటిల్లిపాదీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని లుంగీలు నేస్తుంటే, నేను మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వేలూరు బస్సెక్కి, ఆసుపత్రి మంచాల పక్కన గోడలకు ఇనుప చేతులు బిగించే కంపెనీలో చేరాను. చేయి అంటే నిజంగా చేయే. భుజం, మోచేయి, మణికట్టు అన్నీ ఉంటాయి. చివర గుండె కొట్టుకోవడం చూపించే తెర, దాని పైన ఒక దీపం. లాగితే రోగి మీదికి వస్తుంది, తోస్తే గోడకు అతుక్కుంటుంది. మా మేనేజరును అందరం కేటలాగు సారు అనేవాళ్లం, ఎందుకంటే కంపెనీ కేటలాగులో అచ్చయిన ముక్క తప్ప సొంత మాట ఒక్కటి ఆయన మాట్లాడి ఎరుగడు. "ఇది అన్ని దిక్కులకూ తిరుగుతుంది" అని ఆయన రోజూ చదివి వినిపిస్తుంటే నేను మహా మంత్రంలా నమ్మాను. (మా వాళ్లకు తెలుగు మాటలే గానీ అక్షరాలు రావు కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.)

మా ఊళ్లో ఒక డాక్టరు గారు తన నర్సింగ్ హోముకు కొత్త గదులు కట్టించి మా చేతులు పెట్టించుకున్నారు. సొంత ఊరు కదా అని ఆ పని నాకప్పగించి, కేటలాగు సారు ఒక మెలిక పెట్టాడు. డాక్టరు మెచ్చితే ఉద్యోగం ఖాయం, మెచ్చకపోతే మళ్లీ మగ్గం గుంటే. మా నాయన ఆ గుంటను ఊడ్చి సిద్ధంగా కూడా ఉంచాడు. ఇంజనీరు గీసిన బొమ్మలో ఆక్సిజన్ గొట్టాలు ఉత్తరం గోడలో ఉన్నాయి. అందుకని మంచాల తలాపు అటే, చేతులూ అక్కడే. బొమ్మ గీసినాయన ఉండే చెన్నైలో దిక్కులుంటాయో లేదో నాకు తెలియదు. మరి ఉత్తరానికి తల పెడితే అవ్వ చేత వీపు మీద దెబ్బ తిని పెరిగిన నాకేమైంది? డిప్లొమా అయింది.

మొదటి రోగి మా మేనత్తే. గుండె దడగా ఉందని వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి మంచం చూడలేదు, నేను బిగించిన చేయి చూడలేదు. కిటికీలోంచి ఎండ ఎటు పడుతోందో చూసి, దిండు తీసి కాళ్ల వైపు వేసుకుని పడుకుంది. తెర ఆమె పాదాల దగ్గర వెలుగుతోంది, దీపం అరికాళ్ల మీద పడుతోంది. నర్సు వైర్లు లాగి లాగి చూసింది. అవి మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి గానీ గుండె దాకా పోలేదు.

"అత్తా, కొంచెం తల ఇట్లా పెట్టుకో. లేకుంటే నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలాను.

"వడక్కు దిక్కు తల పెట్టుకోని పండుకుంటారా యాడన్నా? నీ ఉద్యోగం నిలబడేదానికి నా పానం పోవాల్నా అప్పా?" అంది మా అత్త, ఉత్తరాన్ని అరవంలోనే చెప్పి, కళ్లు కూడా తెరవకుండా.

ఆ తర్వాత వచ్చిన ప్రతి రోగీ అదే పని. ఊరికే గాల్లో చాచి ఉన్న ఇనుప చేతికి చుట్టాలు టిఫిన్ సంచులు, తడి తువ్వాళ్లు తగిలించారు. డాక్టరు గారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. వార్డు మధ్యలో నిలబడి "రోగానికి దిక్కులేందయ్యా? ఎప్పుడు బాగుపడతారు మీరు?" అని జనానికి ఉపన్యాసమిచ్చి, నా వైపు తిరిగి "నీ చెయ్యి పొట్టిది. సోమవారం ఊడబెరుక్కోని పో" అన్నారు. కేటలాగు సారుకు ఫోన్ చేస్తే, తానే వచ్చి ఆ చేతులతో పాటు నన్నూ దించేస్తానన్నాడు. కేటలాగులో ఆ వాక్యం ఏ పేజీలో ఉందో మరి.

సోమవారం పొద్దున స్పానర్లతో నేను, ముఖం గంటు పెట్టుకుని కేటలాగు సారూ గదిలోకి వెళ్లేసరికి మంచం మీద డాక్టరు గారే ఉన్నారు. మూత్రపిండంలో రాయి కదిలి మెలికలు తిరిగిపోతున్నారు. నర్సు పద్ధతి ప్రకారం ఉత్తరానికే తల పెట్టి పడుకోబెట్టింది. ఆయన మూలుగుతూ కిటికీ వైపు చూశారు, తలుపు వైపు చూశారు. తర్వాత, ఎవరూ గమనించడం లేదనుకున్నారో ఏమో, దిండు చంకన పెట్టుకుని గడియారం ముల్లులా మెల్లగా తిరిగి, కాళ్లు నా ఇనుప చేతి కింద పెట్టి, తల దక్షిణానికి వాల్చారు.

"సార్, వైరు అందదు" అంది నర్సు.

"అందకుంటే మంచాన్ని అడ్డంగా తిప్పండమ్మా! అది కూడా నేనే చెప్పాల్నా?" అని అరిచారు.

తిప్పాం. మంచం గోడ పక్కన ఆనుకుంది, తల తూర్పుకొచ్చింది. చేయిని లాగితే బుద్ధిగా వచ్చి ఆయన రొమ్ము మీద ఆగింది. కేటలాగు సారు మొదటిసారి సొంతంగా ఒక మాటన్నాడు. "అబ్బా" అన్నాడు.

మర్నాటికల్లా అన్ని మంచాలూ అడ్డం తిరిగాయి. గాలి బాగా ఆడుతుందని మార్పించానని డాక్టరు గారు చెప్పుకున్నారు. తలుపులు సగమే తెరుచుకునేవి, లావుపాటి చుట్టాలు పక్కకు తిరిగి దూరాల్సొచ్చేది, అయినా రోగులు దిండ్లు తిప్పుకోవడం మానేశారు. నా ఉద్యోగం ఖాయమైంది. మా నాయన ఊడ్చి పెట్టిన గుంటలో మా తమ్ముడు కూర్చున్నాడు. "ఆ మనిషి ముందే నన్ను చూసి నేర్చుకోనుంటే రాయి కదిలేదే కాదు" అని మా అత్త తీర్పు చెప్పింది.

ఇప్పుడు నా గడ్డం నెరిసింది. గోడకు రంధ్రం పెట్టే ముందు దిక్కు చూడనిదే నేను డ్రిల్లు ముట్టను. మొన్న హెర్నియా ఆపరేషనుకు వేలూరులో చేరితే, గదిలో ఎవరో వేరే కంపెనీ వాళ్లు బిగించిన చేయి, సరిగ్గా ఉత్తరం గోడకే ఉంది. మూఢనమ్మకాలు వద్దని నా కూతురికి గంటలకొద్దీ చెప్పినవాణ్ణి, దిండు ఎప్పుడు తీసి కాళ్ల వైపు వేసుకున్నానో నాకే తెలియదు.

"అంకుల్, తల ఇటు పెట్టండి. పెద్ద డాక్టరు చూస్తే నన్ను తిడతారు" అంది నర్సు పిల్ల.

"నీకు తిట్లు తప్పేదానికి నా పానం పోవాల్నా అమ్మా?" అన్నాను. అచ్చం మా అత్త గొంతే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. దీపం నా అరికాళ్ల మీద పడుతుంటే, చూసి నవ్వడానికి ఆమె లేదే అని బెంగగా అనిపించింది. ఆ పిల్లకు మంచం అడ్డంగా తిప్పడం నేర్పించి, తూర్పుకు తల పెట్టుకుని హాయిగా నిద్రపోయాను.