మా పుస్తకంలో లేని 666వ బిల్లు

ఈ రోజు వ్యాట్ ఆఫీసరు గారు ముమ్మిడివరంలోని మా పైపుల కొట్టుకు వచ్చి బిల్లు పుస్తకం తిరగేశారు. 665 తర్వాత 667 ఉంది.

"మధ్యలోది ఏదండీ పాస్టరు గారూ?"

"చింపి పొయ్యిలో పడేసేనండీ. బైబిలు వాక్యంలో అది సైతాను మృగం సంఖ్యండీ, దాని ముద్ర కుడిచేతికి పడినోడికి నరకమే. ఆ నంబరు మీద విశ్వాసికి పైపు ముక్క కూడా అమ్మను."

"ఆయ్, నేను నమ్ముతానండీ. రూలు ఒప్పుకోదు కదండీ! నంబర్లు వరసగా ఉండాలి. వద్దనుకున్న బిల్లుకి అడ్డగీత కొట్టి, రద్దు అని రాసి, పుస్తకంలోనే ఉంచాలి. లేదంటే సరుకమ్మి బిల్లు దాచేసేరంటారు."

దాచినదేదీ దాగదని మొన్న ఆదివారమే గొంతు చించుకుని బోధించాను. ఇప్పుడు ఒప్పుకుంటే మృగం సంఖ్య నాది, ఒప్పుకోకపోతే దొంగను నేను. నోటీసు వస్తే కొట్టు మూసుకోవాల్సిందే. తప్పించుకునే దారి లేక ఆయన చెప్పినట్టే కాగితం రాశాను: "666 నంబరు బిల్లు నాదే. పూర్తి బాధ్యత నాదే."

సంతకం ఒక్కటే చాలదన్నారు. మృగం సంఖ్య కింద నా కుడిచేత్తో నేనే కొట్టు ముద్ర కూడా వేశాను.

కొట్లున్న సహోదరులారా, మీ పుస్తకాల్లో ఆ నంబరు బిల్లు ఎవరి పేరున రాశారు? ఈ ఆదివారం నేను ఏ మొహంతో నిలబడాలి?