పాత దెబ్బ ఉందా?

పదకొండేళ్ళుగా ఒక రబ్బరు పట్టీ నా సొరుగులో ఉంది. పారెయ్యలేకపోయాను. ఎవరికీ చూపించలేకపోయాను. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు, కానీ ఇల్లు మారిన ప్రతిసారీ సామాన్లలో అన్నిటికంటే ముందు దాన్నే వెతుక్కునేవాణ్ణి. ఎందుకో ఈరోజు మీతో చెప్పుకోవాలి.

నేను ఫిజియోథెరపిస్టుని. అప్పట్లో మల్కాపురంలో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేసేవాణ్ణి. అప్పలనాయుడు అక్కడికే వచ్చాడు. ఓడల మీద సరుకు కట్లు బిగించే పని అతనిది. రోజంతా నిచ్చెనలు ఎక్కి దిగాలి. కుడి చీలమండ మెలికపడి లిగమెంట్ సాగింది. మూడు వారాలు కసరత్తులు చేయించాను. ఒంటికాలి మీద నిలబడడం, పాదానికి రబ్బరు పట్టీ తగిలించి బయటి వైపు లాగడం. ఇంటి దగ్గర కూడా చేసుకోమని కొత్త పట్టీ ఒకటి ఇచ్చి పంపాను.

చివరి రోజు పరీక్ష చేశాను. ఒక చేత్తో కాలి ఎముక కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మడమను ముందుకు లాగుతాం. కీలు ఎంత జారుతోందో వేళ్ళకు తెలుస్తుంది. ఎంత జారితే ఎక్కువ? అది మనిషికో తీరు. అందుకే అతని మంచి కాలితోనే పోల్చాలి. ఎడమ మడమనూ లాగాను. రెండూ ఒక్కలాగే జారాయి. పనికి వెళ్ళవచ్చని రాసి, సంతకం చేసి, సీలు వేశాను. ఆ కాగితంలో మొదటి ప్రశ్న ‘పాత దెబ్బ ఉందా?’ అని. అడగకుండానే లేదని టిక్కు పెట్టేశాను. ఆ రోజుల్లో అందరికీ అలాగే పెట్టేవాణ్ణి.

అప్పలనాయుడు కాగితం చూసి నవ్వాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

“ఏటి బావా, ఎడం కాలు మంచిదని నీకెవులు సెప్పినారు? సిన్నప్పుడు కబడ్డీలో అదీ మడతపడిపోనాది. మూణ్ణెల్లు కుంటినాను.”

“ఇప్పుడు నొప్పుందా?”

“నేదు.”

“మరింకేం. వెళ్ళు.”

“అయితే సరే. నా కాళ్ళ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు మరి” అని, పట్టీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడే అర్థమైంది. సాగిన కాలిని ఇంకో సాగిన కాలితో పోల్చాను; రెండూ వదులే కాబట్టి తేడా తెలియలేదు. పిలిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే అర నిమిషంలో తేలిపోయేది. ఎందుకు పిలవలేదు? బయట జనం ఎక్కువగా ఉన్నారని చాలాకాలం అనుకున్నాను. కాదు. సీలు వేసిన కాగితాన్ని అతని ముందు కొట్టేయడం ఇష్టం లేకపోయింది. అంతేనా? అంత చిన్న కారణానికా? ఇన్నేళ్ళు తవ్వినా ఇంకొకటి దొరకలేదు.

పనిలో చేరిన తొమ్మిదో రోజున నిచ్చెన దిగుతూ చివరి మెట్టు దగ్గర అతని కుడి కాలు మళ్ళీ మడతపడింది. ఈసారి లిగమెంట్ పూర్తిగా తెగింది. ఆపరేషన్ తర్వాత కూడా నిచ్చెన ఎక్కే కాలు తిరిగి రాలేదు. వాళ్ళ మేస్త్రీ వచ్చి, కసరత్తులు సరిగ్గా చేశాడా అని నన్ను అడిగాడు. ఇంటి దగ్గర చేసినట్టు లేడు అన్నాను. ఆ మాట వాళ్ళింటికి చేరింది. భార్య నమ్మింది. కొన్నాళ్ళకు అతనూ నమ్మాడు. ఇంకా గట్టిగా చేసుకోవలసింది అని నాతోనే అన్నాడు. నేను తల ఊపాను.

ఇప్పుడతను పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్లో కూర్చుంటాడు.

నాకు మాత్రం పాదాలు చూడడం అలవాటైపోయింది. వన్ టౌన్‌లో ఆటో దిగేవాళ్ళు ఏ కాలు ముందు మోపుతారు, ఏ కాలిని నమ్మరు అని చూస్తుంటాను. పోయిన నెల నా కాలే మడతపడింది. నా మడమ నేనే లాగి చూసుకున్నాను. రెండో కాలి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఇది మంచిదని నాకెవరు చెప్పారు?

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి అంతా చెప్పాను. అప్పలనాయుడు వంగి తన ఎడం చీలమండను కొత్తగా చూస్తున్నట్టు తడుముకున్నాడు. భార్య ఒక్కటే అడిగింది.

“అయితే ఈయన కసరత్తులు సేసినాడా?”

పట్టీ తీసి ఆమె ముందు పెట్టాను. పాదం ఆనిన చోట పల్చబడి, అంచు చిట్లి ఉంది. మూడు వారాల్లో అలా అయింది. ఆ రోజు బల్ల మీద పెట్టినప్పుడే చూశాను. చూసి సొరుగులో వేశాను. ఆ తర్వాతే మేస్త్రీతో ఆ మాట అన్నాను.

కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పాను. చేశాడమ్మా. రోజూ చేశాడు.