ఇంటికెళ్ళి దిద్దొచ్చే దిద్దుబాటుగారు

ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ కాగితాలు పంపే ఒక కోర్టు నకళ్ల విభాగంలో దిద్దుబాటుగారని ఒకాయన ఉన్నారు. ఆయన్ని మీరు కలిసి తీరాలి. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి కూడా గుర్తులేదు. ఆయన పిచ్చల్లా సబ్‌పీనా, అంటే ఫలానా రోజున వచ్చి సాక్ష్యం చెప్పమని కోర్టు పంపే కాగితం. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చిందని అనుమానం తగిలితే చాలు, అది చేరిన ఇంటికి వెళ్ళి మరీ దిద్దొస్తారు.

కొత్తగా చేరిన టైపిస్టు అమ్మాయికి మొదటిరోజే పాఠం మొదలైంది.

"సబ్‌పీనా స్పెల్లింగులో, ఇంగ్లీషైతే 'ఓ', 'ఈ' పక్కపక్కన కూర్చోవాలి. ఫ్రెంచిలో ఒకదాని ఒళ్ళో ఒకటి. భూతకాలంలో చివర 'ఈడీ' చేరాలి, ముందున్న 'ఏ' పారిపోకూడదు."

"పారిపోతే ఏమవుతుందండీ?"

"ఏమీ అవదమ్మా. నాకు నిద్ర పట్టదు."

ఆయన తన పెళ్ళి శుభలేఖలు మూడుసార్లు అచ్చు మార్పించారట. మూడోది వచ్చేసరికి పెళ్ళైపోయిందట.

ఒకరోజు అధికారి టైపిస్టుని పిలిచాడు. "ఈయన తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి. నువ్వు వెంట వెళ్ళు. కాగితంలో నిజంగా తప్పుందో లేదో రాసివ్వు. లేకపోతే ఇక ఆయన్ని కుర్చీలోంచి కదలనివ్వను."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒక కుట్టుపనావిడ కొట్టుకి వెళ్ళారు. ఆవిడ తలుపు సగం మూసి, బట్టలు మూట కడుతోంది.

"ఊరొదిలి పోతున్నానండీ. కోర్టు కాగితం వచ్చింది, జైల్లో పెడతారటగా."

"ముందా కాగితం ఇలా ఇవ్వండి. ఫ్రెంచిలో కోర్టుకి పిలిచింది మగవాణ్ణైతే 'అసిన్యే', అంటే పిలవబడినవాడు, అని చివర ఒకటే 'ఈ'. ఆడమనిషికైతే ఇంకో 'ఈ' వెయ్యాలి. మావాళ్ళు మిమ్మల్ని మగవాణ్ణి చేసేసినట్టున్నారు."

ఆవిడ ఫక్కున నవ్వింది. అదే అదనుగా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎదురింటి కొట్లాటలో ముందు ఎవరు చెయ్యెత్తారో ఆవిడ చూసింది, అంతే. చూసింది చెప్పి వచ్చెయ్యడమే. జడ్జి ఎక్కడ కూర్చుంటారో, ఆవిడ ఎక్కడ నిలబడాలో బట్ట మీద గీతలు గీసే సుద్దతో బల్ల మీదే గీసి చూపించారు. మంగళవారం మెట్ల దగ్గర తనే ఉంటానన్నారు.

ఆవిడ మూట విప్పింది.

టైపిస్టు మెల్లగా కాగితంలోకి తొంగిచూసింది. 'ఈ' రెండుసార్లూ శుభ్రంగా ఉంది. అది తను కొట్టిన కాగితమే. ఆయన కలం మూత కూడా తియ్యలేదు.

"తప్పేదండీ?" అంది వీధిలోకొచ్చాక.

"తప్పుందంటే లోపలికి రానిస్తారమ్మా. ధైర్యం చెప్పడానికొచ్చానంటే తలుపేస్తారు."

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆయన కుర్చీకి అతుక్కుపోవాల్సిందే. టైపిస్టు 'తప్పు ఉన్నది' అని కొట్టి అధికారి ముందు పెట్టింది.

"ఏం తప్పు?"

"పెద్దదేనండీ. చదివితే మనిషి ఊరొదిలి పారిపోయేలా ఉంది. ఒక్కరితో అయ్యే దిద్దుబాటు కాదు. వచ్చేవారం నేనూ వెళ్ళనా?"

మీరైతే ఏం రాసిచ్చేవారు?