ఆమె రెండు కొరడాలు

మా ఆవిడ పోయాక, ఈ అరబ్బు నగరంలోని మా అబూ హమూర్ ఇంట్లో ఆమె వస్తువులు చాలావరకు సులువుగానే ఇచ్చేశాను. చీరలు, పుస్తకాలు, కుట్టుమిషను. బీరువా వెనక నిలబెట్టిన రెండు కొరడాల దగ్గర మాత్రం ఆగిపోయాను.

నలభై దాటాక ఆమె గుర్రపుస్వారీ నేర్చుకుంది. శుక్రవారం పొద్దున్నే ఊరి బయట ఎడారి అంచున ఉన్న గుర్రపుశాలకు వెళ్ళి, ఎండ ముదిరేలోపు తిరిగి వచ్చేది. కొన్నాళ్ళకు వయసు మళ్ళిన ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని సొంతంగా కొనుక్కుంది. గుర్రాలంటే నాకు భయం. ఎప్పుడూ వెంట వెళ్ళలేదు. ఇప్పుడు ఆ గుర్రాన్ని ఆమె స్నేహితురాలు తీసుకుంటానంది. హైదరాబాదావిడ, ఇద్దరూ ఒకే బడిలో టీచర్లు, కలిసే స్వారీకి వెళ్ళేవాళ్ళు. "కొరడాలు కూడ ఉంటే తెండి అన్నా, పనికొస్తయి" అని ఫోన్ చేసింది.

ఇచ్చేముందు నాకు ఒక సంగతి తెలియాలి అనిపించింది. మా ఆవిడ గుర్రాన్ని కొట్టేదా?

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి అడగవలసిన ప్రశ్న కాదు. పిల్లల్ని కూడా గట్టిగా గద్దించలేని గొంతు ఆమెది. కానీ శుక్రవారాల మనిషిని నేను చూడలేదు. అక్కడ ఏం చేస్తావని ఒకసారి అడిగితే నవ్వి, ఫ్రిజ్‌లో అల్లం ఉందేమో చూడమంది.

ముందు కొరడాలనే చూశాను. ఒకటి పాతకాలపుది, వేటకు వెళ్ళే రౌతులు వాడేది. సూక్ వాకిఫ్ బజారులో పాత సామాన్ల కొట్టులో కొన్నానని చెప్పింది. తోలు అల్లిన కర్ర, దానికి ఒక చివర జింక కొమ్ముతో చేసిన కొక్కెం, రెండో చివర పొడవాటి తోలుతాడు. రెండోది నల్లటి ఫైబర్ పుల్ల. రబ్బరు పిడి, కొసన రెండు వేళ్ళంత తోలు నాలుక. క్రీడాసామాన్ల దుకాణంలో దొరికేదే.

కొరడాల గురించి చదివితే తెలిసిన సంగతి నాకు వింతగా తోచింది. పొడవాటి తాడున్న పాత కొరడా గుర్రాన్ని కొట్టడానికి కాదట. కొక్కెం, దిగకుండానే గేటు తెరవడానికి. తాడు, వేటకుక్కలు గుర్రం కాళ్ళ కింద పడకుండా అదిలించడానికి. గుర్రానికి తగిలేది ఇప్పటి పొట్టిదే. రౌతు కాలితో చెప్పింది వినకపోతే, ఆ కాలి వెనక ఒకసారి తట్టడానికి. నేను సరిగ్గా తలకిందులుగా అనుకున్నాను.

నల్లదాని నాలుకను టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. అంచులు అరగలేదు. పిడి మాత్రం బాగా అరిగింది. పట్టుకోవడమే ఎక్కువ, కొట్టడం తక్కువ అనుకున్నాను. అయితే నచ్చిన జవాబు అంత తొందరగా దొరికితే నాకు నమ్మకం కుదరదు.

శుక్రవారం రెండూ కారులో వేసుకుని వెళ్ళాను. గుర్రాలను చూసుకునే సూడాన్ సైసు గుర్రాన్ని బయటికి తెచ్చాడు. అనుకున్నదానికన్నా పెద్దది. నా ప్రశ్న విని, అప్పటికే అక్కడున్న స్నేహితురాలు నవ్వింది.

"మీరేంది అన్నా, సీఐడీ లెక్క! నన్నెందుకు అడుగుతరు, దాన్నే అడుగుండ్రి. దెబ్బలు తిన్న గుర్రం కట్టె ఎత్తితే నిలబడదు. ఎత్తి చూడుండ్రి."

"కరుస్తుందా?"

"మిమ్మల్నా? కరవడానికి మీల ఏమున్నది?"

నల్లది ఎత్తాను. గుర్రం చెవులు ముందుకు పెట్టి, రబ్బరు పిడి వాసన చూసి, నాకింది. నా మనసు తేలికపడింది. అక్కడితో ఆపవచ్చు. రెండోదానికి ఏం చేస్తుందో చూడాలనిపించి పాతదాన్ని తీశాను. తోలుతాడు ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చింది. గుర్రం తల ఎత్తేసి, గోడ తగిలేదాకా వెనక్కి నడిచింది. "మాఫీ ముష్కిల్", ఏం ఫరవాలేదు అంటూ సైసు దాని మెడ నిమిరాడు.

స్నేహితురాలు నవ్వడం మానేసింది.

"చెప్పొద్దనుకున్న" అంది. "రెండేండ్ల కింద, చలికాలం. ఖర్జూరం తోట పక్కనుంచి పోతున్నం. కుక్కలొచ్చినయి. తను ఆ తాడు ఇప్పి గాలిల చెళ్ళుమనిపించింది. అన్ని ఉరికినయి. ఒకటి మళ్ల వచ్చింది. ఈసారి కుక్కకు తగల్లె, దీని మెడకు తగిలింది."

"తర్వాత?"

"దిగింది. తోట కాడికెల్లి ఇక్కడిదాంక పగ్గం పట్టుకొని నడిచింది. పిచ్చిదానా, ఎక్కవే అన్న. ఎక్కలే. తెల్లారే ఆ నల్లది కొనుక్కొచ్చింది. దానికి తాడు లేదు గద, గురి తప్పి మెడకు తగలదు, అందుకు."

ఆ శుక్రవారం నాకు గుర్తుంది. మధ్యాహ్నం రెండు పాదాలూ బకెట్ నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. బొబ్బలు. బూట్లు బిగుతయ్యాయి అంది. నేను ఫార్మసీకి వెళ్ళి ఆయింట్‌మెంట్ తెచ్చాను. కొత్త బూట్లు కొనుక్కోమన్నాను. సరే అంది.

కొట్టింది. ఒకసారి, పొరపాటున. తనతో కలిసి వెళ్ళినావిడ చెప్పింది, గుర్రమూ చెప్పింది. మిగతా శుక్రవారాల గురించి ఇంకేమీ అడగాలనిపించలేదు.

నల్లది స్నేహితురాలి చేతికిచ్చాను. పాతదాని తోలుతాడును కర్ర చివరి తోలు ఉచ్చులోంచి దూర్చి బిగించారు, అంతే. వెనక్కి లాగితే ఊడి వచ్చింది. కర్ర, కొక్కెం మిగిలాయి.

"గేట్లకు పనికొస్తుంది" అన్నాను.

"అది ఒప్పుకోవాలె గద" అంది, గుర్రం వైపు చూసి.

కర్రను రెండు చేతులతో అడ్డంగా, కిందికి పట్టుకుని నిలబడ్డాను. సైసు పగ్గం వదులు చేశాడు. గుర్రం చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక అడుగు ముందుకు వేసి ఆగింది.

"ఇయ్యాల ఇంతే అన్నా" అంది స్నేహితురాలు.

వచ్చే శుక్రవారం మళ్ళీ తెస్తానన్నాను.